రాజుగారి ముద్దుకుక్క గుండె కథ

పెద్ద పెద్ద గుండ్రని కళ్లు, కిందికి వేలాడే చెవులు, పట్టుకుచ్చులాంటి వెంట్రుకలు, ఎప్పుడూ ఊగుతూ ఉండే తోక. ఎత్తు సుమారు ఒక అడుగు. బరువు 5 కిలోల నుంచి 8 కిలోల దాకా. మనవాడా, పరాయివాడా అని చూడకుండా ఎదురెళ్లి పలకరించే స్వభావం. ఈ కుక్క పేరు మాత్రం కాస్త పొడుగు. కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్! మనం పొదుపుగా కావలియర్ అని పిలుచుకుందాం.

దీని పుట్టిల్లు ఇంగ్లండు. దీని పూర్వీకులు రాజుల ఒళ్లో పెరిగాయి, గొప్ప చిత్రకారుల బొమ్మల్లోకి ఎక్కాయి. అయితే 2023లో నార్వే దేశపు సుప్రీంకోర్టు, ఈ కుక్కలను ఇప్పుడున్న పద్ధతిలో ఈనించడం జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. ఎవరినీ కరవని, చంటిపిల్లలకు కూడా చెలిమి పంచే కుక్క మీద న్యాయమూర్తులకు అంత కోపం ఎందుకు వచ్చింది? నిజానికి ఆ కోపం కుక్క మీద కాదు. దాన్ని తయారుచేసిన మనిషి మీద. ఆ సంగతి అర్థం కావాలంటే కొంచెం చరిత్ర, కొంచెం జీవశాస్త్రం తెలుసుకోవాలి. రండి, మొదటి నుంచి చూద్దాం.

పొదల్లోంచి ఒడిలోకి

కుక్కలన్నిటికీ మూలం తోడేలే. కనీసం 15,000 ఏళ్ల క్రితమే మనిషి తోడేళ్లను మచ్చిక చేసుకోవడంతో కుక్క పుట్టింది. అల్సేషియన్ అయినా, మన వీధి కుక్క అయినా, అరచేతిలో పట్టే చువావా అయినా జీవశాస్త్రం లెక్కలో అన్నిటిదీ ఒకే జాతి. అన్నిటి కణాల్లోనూ 78 క్రోమోజోములే. కాబట్టి ఇవన్నీ నిజానికి ఒకే జాతిలోని రకాలు. వాడుకలో మాత్రం మనం 'జాతి కుక్కలు' అంటున్నాం.

స్పానియల్ అనే మాట స్పెయిన్ దేశం పేరు నుంచి వచ్చిందని భాషా పండితులు చెబుతారు. స్పానియళ్ల అసలు వృత్తి వేట. పొదల్లో నక్కిన పక్షులను వాసనతో పసిగట్టి, పైకి లేపడం వీటి పని. లేచిన పక్షి మీదికి వేటగాడు డేగను వదిలేవాడు, లేదా వల విసిరేవాడు. తర్వాత తుపాకులు వచ్చాయి. ఈ పనికి కోపిష్టి కుక్క పనికిరాదు. యజమాని వంక చూస్తూ, చెప్పిన మాట వింటూ, హుషారుగా తిరిగే కుక్క కావాలి. అటువంటి గుణం ఉన్నవాటినే తరతరాలుగా ఎంచి పెంచారు. కావలియర్‌లో మనకు కనిపించే స్నేహశీలం ఆ నాటి ఆస్తే.

వీటిలో బాగా చిన్నవి వేటకు ఆగలేవు. అవి దొరసానుల ఒడి చేరాయి. 1570లో జాన్ కైయస్ అనే ఆంగ్ల వైద్యుడు బ్రిటన్ కుక్కల గురించి లాటిన్‌లో ఒక పుస్తకం రాశాడు. అందులో ఈ చిట్టి స్పానియళ్ల ప్రస్తావన ఉంది. కడుపునొప్పి ఉన్నవాళ్లు వీటిని పొట్టకు ఆనించుకుంటే ఉపశమనం కలుగుతుందని ఆ కాలంలో నమ్మేవారట! ఇందులో మంత్రం ఏమీ లేదు. కుక్క శరీర ఉష్ణోగ్రత మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్. మన ఒంటికంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ. వేడినీళ్ల సంచి చేసే పనే అది చేసి ఉంటుంది.

1660 నుంచి 1685 వరకు ఇంగ్లండును ఏలిన రెండవ చార్లెస్‌కు ఈ కుక్కలంటే ప్రాణం. మంత్రుల సమావేశంలో కూడా రాజుగారు పని మాని కుక్కతో ఆడుకుంటున్నారని, ఆ రోజుల్లో శామ్యూల్ పీప్స్ అనే ఉద్యోగి తన దినచర్య పుస్తకంలో విసుక్కుంటూ రాసుకున్నాడు. రాజుగారి పేరే కుక్కకు అతుక్కుంది. ఈ కుక్కలు పార్లమెంటులోకి కూడా స్వేచ్ఛగా వెళ్లవచ్చునని ఆ రాజు చట్టం చేశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అటువంటి చట్టానికి ఆధారం ఏదీ దొరకలేదు. కథలు వేరు, చరిత్ర వేరు. విజ్ఞానశాస్త్రం చదివేవారు ఈ తేడా మరువరాదు.

ముక్కు పోయింది, మళ్లీ వచ్చింది

రాజుగారి కాలపు బొమ్మల్లో ఈ కుక్కలకు పొడవైన మూతి, చదునైన నడినెత్తి కనిపిస్తాయి. 19వ శతాబ్దంలో మోజు మారింది. చప్పిడి ముక్కు, బుర్ర తల, ఉబ్బిన కళ్లు ఉంటేనే అందం అన్నారు. పుట్టిన పిల్లల్లో ముక్కు పొట్టిగా ఉన్నవాటినే ఎంచి, వాటినే మళ్లీ జత కట్టించారు. కొన్ని తరాలు గడిచేసరికి పాత మూతి దాదాపు మాయమైంది. ఒక ఎముక పొడుగును తగ్గించడానికి ప్రకృతికి లక్షల ఏళ్లు పట్టవచ్చు. పట్టుబట్టి ఎంపిక చేస్తే మనిషికి వంద ఏళ్లు చాలు. దీన్నే కృత్రిమ వరణం అంటారు. చార్లెస్ డార్విన్ పరిణామ సిద్ధాంతాన్ని వివరించేటప్పుడు ముందుగా పెంపుడు జంతువుల ఉదాహరణలు తీసుకున్నది ఇందుకే.

1926లో రాస్వెల్ ఎల్‌డ్రిడ్జ్ అనే అమెరికన్ ఇంగ్లండు వచ్చాడు. పాత బొమ్మల్లోని కుక్కను కొనుక్కుపోవాలని ఆయన కోరిక. ఎక్కడ వెదికినా చప్పిడి ముక్కులే! ఆయన ఊరుకోలేదు. ఆ రోజుల్లో లండన్‌లో ఏటా జరుగుతుండిన క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో, పాతకాలపు పొడుగు మూతి ఉన్న మేలైన మగకుక్కకు, ఆడకుక్కకు 25 పౌన్ల చొప్పున బహుమతి ప్రకటించాడు. అప్పట్లో అది చిన్న మొత్తం కాదు. పెంపకందార్లు తమ దగ్గర పొరపాటున పొడుగు మూతితో పుట్టిన పిల్లలను వెదికి తెచ్చారు. 1928లో ఆన్స్ సన్ అనే మగకుక్క బహుమతి గెలిచింది. పాపం, ఎల్‌డ్రిడ్జ్ ఆ ఏడాదే, ఆ ప్రదర్శన చూడకుండానే కన్నుమూశాడు.

ఆ 1928లోనే కొందరు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఆన్స్ సన్‌ను ఎదురుగా ఉంచుకుని, కుక్క ఇలా ఉండాలి అని ఒక నమూనా రాసుకున్నారు. చప్పిడి ముక్కు కుక్కల నుంచి వేరుగా తెలియడానికి పేరు ముందు 'కావలియర్' అని చేర్చారు. 17వ శతాబ్దపు అంతర్యుద్ధంలో రాజు పక్షాన పోరాడినవారిని కావలియర్లు అనేవారు. 1945లో ఇంగ్లండులోని కెన్నెల్ క్లబ్బు దీన్ని ప్రత్యేక రకంగా గుర్తించింది.

ఎలాగో గమనించారా? పొడుగు మూతికి కారణమైన జన్యువులు పూర్తిగా నశించలేదు. అక్కడక్కడ దాగి ఉన్నాయి. ఎంపిక దిశ మారగానే బయటపడ్డాయి. ఈ మాట గుర్తు పెట్టుకోండి. చివర్లో మళ్లీ పనికొస్తుంది.

నాలుగు రంగులు, రెండు జతల జన్యువులు

కావలియర్లలో నాలుగే రంగులు. తెలుపు మీద బెల్లపు రంగు మచ్చలున్నది బ్లెన్‌హైమ్. ఒళ్లంతా ఎరుపు గోధుమ రంగుంటే రూబీ. నల్లని ఒంటి మీద కనుబొమలు, బుగ్గలు, కాళ్ల దగ్గర లేత గోధుమ గుర్తులుంటే బ్లాక్ అండ్ టాన్. తెలుపు మీద నల్లమచ్చలు, వాటితోపాటు ఆ లేత గోధుమ గుర్తులు కూడా ఉంటే త్రివర్ణం.

పదవ తరగతిలో మీరు మెండెల్ బఠానీల గురించి చదువుతారు. ఆ లెక్క ఇక్కడా వర్తిస్తుంది. ఒక జత జన్యువులు రంగు నలుపా, ఎరుపా అన్నది తేలుస్తాయి. వీటిలో నలుపు బహిర్గతం, ఎరుపు అంతర్గతం. ఇంకో జత జన్యువులు ఒళ్లంతా రంగా, లేక తెలుపు మీద మచ్చలా అన్నది తేలుస్తాయి. వీటిలో ఒళ్లంతా రంగు బహిర్గతం, మచ్చలు అంతర్గతం.

ఇప్పుడు చూడండి. తల్లీ తండ్రీ ఇద్దరూ బ్లాక్ అండ్ టాన్. ఇద్దరిలోనూ ఎరుపు జన్యువు ఒకటి, మచ్చల జన్యువు ఒకటి దాగి ఉన్నాయనుకుందాం. వాటికి పుట్టే పిల్లల్లో సగటున 16 పాళ్లకు 9 పాళ్లు బ్లాక్ అండ్ టాన్, 3 పాళ్లు రూబీ, 3 పాళ్లు త్రివర్ణం, 1 పాలు బ్లెన్‌హైమ్. అదే మన 9:3:3:1 నిష్పత్తి! అలాగే తల్లీ తండ్రీ ఇద్దరూ బ్లెన్‌హైమ్ అయితే పిల్లలన్నీ బ్లెన్‌హైమ్‌లే. ఎందుకో కాగితం, పెన్సిలు తీసుకుని మీరే రాబట్టండి. ఒక ఈతలో పుట్టే నాలుగైదు పిల్లల్లో లెక్క ఇంత కచ్చితంగా కుదరదు. ఇది ఎన్నో ఈతల మీద తేలే సగటు మాత్రమే.

రంగు విషయంలో అంతర్గత జన్యువు బయటపడితే నష్టం లేదు. అంతర్గతంగా దాగి ఉన్నది జబ్బు జన్యువైతే?

చింతగింజల ప్రయోగం

ఒక సంచిలో 100 చింతగింజలు వేయండి. వాటిలో 5 గింజలకు సున్నంతో చుక్క పెట్టండి. ఆ చుక్క ఒక చెడ్డ జన్యువనుకోండి. అంటే నూటికి 5 వంతులన్న మాట. ఇప్పుడు కళ్లు మూసుకుని 6 గింజలు తీయండి. చాలాసార్లు చుక్క గింజ ఒక్కటీ రాదు. కాని ఒక్కటి వచ్చిందంటే, ఆరింట ఒకటి. అంటే నూటికి దాదాపు 17 వంతులు! చెడ్డ జన్యువు వాటా ఒక్క దెబ్బతో మూడు రెట్లు దాటింది. ఇకపై పుట్టే సంతానమంతా ఆ ఆరు గింజల నుంచే రావాలి.

నిజమైన కుక్కల్లో చెడ్డ జన్యువు ఒకటి కాదు, ఎన్నో ఉంటాయి. ఈ ప్రయోగాన్ని అన్నిటికీ చేసినట్లే లెక్క. కొన్ని అదృష్టవశాత్తు తొలగిపోతాయి. కొన్ని మాత్రం తప్పకుండా పెరిగిపోతాయి. దీన్ని జీవశాస్త్రజ్ఞులు 'సీసా మెడ' అంటారు. సీసా నిండా గింజలున్నా సన్నని మెడలోంచి కొన్నే బయటికి వస్తాయి కదా!

కావలియర్లు ఇటువంటి సీసా మెడలోంచి ఒకసారి కాదు, రెండుసార్లు దూరాయి. మొదటిసారి, పొడుగు మూతి కోసం కొద్దిపాటి కుక్కలతోనే రకం మొదలుపెట్టినప్పుడు. రెండవసారి, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో. మనుషులకే తిండి కరువైన ఆ రోజుల్లో కుక్కలను పెంచడం కష్టమైంది. ఒక పేరున్న పెంపకశాలలో 60 కుక్కలుండేవి, చివరికి 3 మిగిలాయి. యుద్ధం ముగిశాక, మిగిలిన కొద్ది కుక్కలతోనే మళ్లీ సంతతి పెంచారు. దగ్గర చుట్టాల మధ్యే జతలు కట్టించవలసి వచ్చింది. చుట్టరికం దగ్గరైన కొద్దీ, ఒకే చెడ్డ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చి పిల్లలో జతపడే అవకాశం పెరుగుతుంది.

2021లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఎనిమిది రకాల కుక్కల జన్యువులను పోల్చి చూశారు. హానికరమైన జన్యు మార్పులు కావలియర్లలోనే ఎక్కువగా పోగుపడి ఉన్నాయని తేలింది. మన వీధి కుక్క సంగతి చూడండి. దానికి వంశవృక్షం లేదు, పతకాలు లేవు. కాని ఏ పేటలో ఏ కుక్క ఎవరితో జతకట్టిందో ఎవరూ శాసించలేదు. అందువల్ల దాని జన్యువుల్లో వైవిధ్యం ఎక్కువ. ఇది తక్కువ సంపద కాదు.

తలుపు సరిగా పడని గుండె

కుక్క గుండె కూడా మన గుండెలాగే నాలుగు గదులది. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన మంచి రక్తం ఎడమ కర్ణికలో చేరుతుంది. అక్కడి నుంచి ఎడమ జఠరికలోకి దిగుతుంది. జఠరిక ముడుచుకోగానే రక్తం బృహద్ధమనిలోకి పోవాలి, వెనక్కి కర్ణికలోకి పోకూడదు. ఆ వెనుకదారిని మూసే తలుపే ద్విపత్ర కవాటం. దానికి రెండు రెక్కలు. రెక్కలు వెనక్కి తిరగబడకుండా స్నాయు రజ్జువులనే సన్నని తాళ్లు పట్టి ఉంచుతాయి.

కావలియర్లలో ఎక్కువగా కనిపించే జబ్బు ఈ తలుపుదే. రెక్కలు క్రమంగా మందమై, ముడుతలు పడి, గట్టిగా మూసుకోవు. తాళ్లు సాగుతాయి, ఒక్కోసారి తెగుతాయి కూడా. అప్పుడు జఠరిక ముడుచుకున్న ప్రతిసారీ కొంత రక్తం సందులోంచి వెనక్కి చిమ్ముతుంది. పశువైద్యుడు స్టెతస్కోపు పెట్టి వింటే 'లబ్-డబ్' అనే శుభ్రమైన చప్పుడుకు బదులు 'హుష్' మన్న శబ్దం వినిపిస్తుంది. దీన్ని మర్మర ధ్వని అంటారు. సరిగా కట్టని కుళాయి దగ్గర నీరు చిమ్మే చప్పుడు లాంటిదే ఇది.

వెనక్కి పోయిన రక్తాన్ని మళ్లీ ముందుకు తోయాలి. కాబట్టి గుండె అదనంగా పనిచేస్తుంది, పెద్దదవుతుంది. ఏళ్ల తరబడి అది ఓర్చుకుంటుంది. చివరికి ఓర్చుకోలేని రోజు వస్తుంది. రక్తం ఊపిరితిత్తుల్లో నిలిచి, నీరు చేరి, కుక్క ఆయాసపడుతుంది.

ముసలితనంలో ఈ జబ్బు చిన్న కుక్కలు చాలావాటికి వస్తుంది. కావలియర్లలో మాత్రం పడుచు వయసులోనే మొదలవుతుంది. అయిదేళ్లు వచ్చేసరికి సుమారు సగం కుక్కల్లో మర్మర ధ్వని వినిపిస్తుంది. పదేళ్లకు దాదాపు అన్నిటిలోనూ! పూర్తిగా నయం చేసే మాత్ర లేదు. అయితే గుండె పెద్దదైన కుక్కలకు పిమోబెండాన్ అనే మందును ముందుగానే మొదలుపెడితే, గుండె విఫలమయ్యే రోజును సగటున సుమారు 15 నెలలు వెనక్కి నెట్టవచ్చునని 2016లో ప్రచురించిన ఒక పెద్ద పరిశోధన చూపింది. 10, 12 ఏళ్లు బతికే ప్రాణికి 15 నెలలంటే తక్కువేమీ కాదు.

ఇరుకు తలలో పెద్ద మెదడు

రెండవ బాధ తలలో ఉంది. చాలా కావలియర్లలో కపాలం వెనుక భాగం ఇరుకు. మెదడు అందులో సుఖంగా ఇమడదు. వెనుక భాగం ఒరుసుకుంటూ, వెన్నుపాము బయటికి వచ్చే రంధ్రంలోకి దిగుతుంది. మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ తిరగవలసిన మస్తిష్క మేరు ద్రవానికి అక్కడ అడ్డు ఏర్పడుతుంది. ఆ ఒత్తిడి వల్ల వెన్నుపాములో ద్రవం నిండిన బోలు గొట్టాలు ఏర్పడతాయి. ఈ జబ్బు పేరు సిరింగోమైలియా. సిరింక్స్ అంటే గ్రీకు భాషలో వేణువు. వెదురుగొట్టంలాగా వెన్నుపాము బోలు కావడం వల్ల ఆ పేరు వచ్చింది.

అన్ని కుక్కలకూ బాధ తెలియదు. తెలిసినవి మాత్రం చాలా అవస్థ పడతాయి. మెడ తాకితే కుయ్యిమంటాయి. నడుస్తూ నడుస్తూ వెనుక కాలితో మెడ వైపు గాలిలో గోక్కుంటాయి. కాలు ఒంటికి తగలదు. చూసేవారు 'ఎంత ముద్దుగా గోక్కుంటోందో' అని నవ్వుతారు. అది ముద్దు కాదు, దెబ్బతిన్న నరాల గోల. మాట రాని ప్రాణి తన బాధను చెప్పుకునే తీరు అది.

న్యాయస్థానం, ప్రయోగశాల

2008లో బ్రిటన్‌లోని బి.బి.సి. టెలివిజన్, జాతి కుక్కల జబ్బుల మీద ఒక డాక్యుమెంటరీ చూపింది. అందులో కావలియర్ల బాధ చూసి జనం కలతపడ్డారు. మరుసటి ఏడాది నుంచి బి.బి.సి. క్రఫ్ట్స్ ప్రదర్శనను ప్రసారం చేయడం మానేసింది. నార్వేలో జంతు సంరక్షణ సంఘం కోర్టుకెక్కింది. 2022 జనవరిలో ఓస్లో కోర్టు కావలియర్ల పెంపకానికి వ్యతిరేకంగా తీర్పునిచ్చింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఈ తీర్పు కుక్కను ఇంట్లో పెంచుకోవద్దని చెప్పలేదు. జబ్బు వస్తుందని తెలిసి తెలిసి పిల్లలు పుట్టించవద్దన్నది. శాస్త్రీయ పద్ధతిలో వేరే రకం కుక్కలతో సంకరం చేసి ఆరోగ్యాన్ని బాగుచేసే దారిని మూసేయలేదు.

డెన్మార్క్ వేరే దారి పట్టింది. అక్కడి కెన్నెల్ క్లబ్బు, జత కట్టించబోయే ప్రతి కావలియర్ గుండెనూ పశువైద్యులు పరీక్షించి తీరాలని నియమం పెట్టింది. స్టెతస్కోపుతో వింటారు. శబ్ద తరంగాలతో గుండె బొమ్మ తీసి కవాటాన్ని చూస్తారు. చెడు కనిపించిన కుక్కను ఇంట్లో హాయిగా పెంచుకోవచ్చు గాని, సంతతికి వాడరాదు. ఫలితం ఏమిటి? ఎనిమిది పదేళ్లలో ఈ జబ్బు వచ్చే ప్రమాదం 73 శాతం తగ్గిందని 2016లో వెల్లడించారు.

మూతి కథ జ్ఞాపకం ఉందా? ఎంపిక దిశ మారగానే పోయిన మూతి తిరిగి వచ్చింది. అలాగే, ఎంపిక చేసేవాడు ముఖాన్ని చూడడం మాని గుండెను వినడం మొదలుపెడితే, మంచి గుండె కూడా తిరిగి వస్తుంది. కాకపోతే రకంలో మంచి జన్యువులు బొత్తిగా మిగలకపోతే, బయటి కుక్కల నుంచి అరువు తెచ్చుకోక తప్పదు. అందుకే కొందరు శాస్త్రజ్ఞులు సంకరం తప్పదంటున్నారు. 'రక్తం శుద్ధి' పోతుందని కొందరు పెంపకందార్లు ఒప్పుకోవడం లేదు. ఏది ముఖ్యం, పేరులోని శుద్ధా, ప్రాణిలోని సుఖమా? మీరే ఆలోచించండి.

ఇంట్లో ఉంటే ఎలా చూసుకోవాలి?

మీ ఇంట్లోనో, మీ స్నేహితుల ఇంట్లోనో కావలియర్‌గాని, దాని దాయాది కాకర్ స్పానియల్‌గాని ఉండవచ్చు. ఈ విషయాలు తెలిసి ఉంటే మంచిది.

చెవులు: వేలాడే చెవి కింద గాలి ఆడదు. తడి నిలిస్తే బూజు, సూక్ష్మజీవులు పెరుగుతాయి. వారానికి ఒకసారి చెవి ఎత్తి చూడాలి. వాసన, ఎరుపు, చీము కనిపిస్తే పశువైద్యుడికి చూపాలి. పుల్లలు పెట్టి కెలకరాదు. స్నానం చేయించాక చెవులు పొడిగా తుడవాలి.

వెంట్రుకలు: వారానికి రెండు మూడుసార్లు దువ్వాలి. చెవుల వెనుక, కాళ్ల సందుల్లో చిక్కులు పడతాయి. అక్కడే పేలు, గోమార్లు కూడా దాక్కుంటాయి.

తిండి: స్పానియల్‌కు 'ఇక చాలు' అనడం రాదు. ఆ కళ్లు చూసి కరిగిపోయి మీరు పెట్టే ప్రతి ముద్దా దాని గుండెకు బరువే. పెద్ద కుక్కకు రోజుకు రెండుసార్లు, కొలిచి పెట్టాలి. చాక్లెట్లు, ఉల్లిపాయ, ద్రాక్షపళ్లు, కిస్మిస్‌లు కుక్కలకు విషంతో సమానం.

ఎండ: కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుతూ, నోటిలోని తడిని ఆవిరి చేసి ఒళ్లు చల్లబరుచుకుంటుంది. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని పీల్చుకుంటుందని మీకు తెలుసు కదా! ఉక్కపోతలో ఆవిరి కావడం తగ్గుతుంది, కుక్కకు ప్రమాదం పెరుగుతుంది. మన వేసవిలో తెల్లవారుజామున, పొద్దు గుంకాకనే బయటికి తీసుకెళ్లాలి. తారురోడ్డు మీద మీ చెయ్యి అయిదు క్షణాలు ఆనించలేకపోతే దాని కాలు కూడా ఆనదు.

నడక: దీనికి వేటగుణం పోలేదు. పిట్టను చూసినా, సైకిలును చూసినా పరుగెత్తుతుంది. రోడ్డు మీద పట్టెడ లేకుండా వదలకండి. మెడనొప్పి ఉండే రకం కాబట్టి మెడకు కట్టే పట్టెడకంటే ఛాతీకి కట్టేది మేలు.

కాపలా: దొంగ వచ్చినా తోక ఊపుతుంది! కాపలా కోసం దీన్ని తేకూడదు. రోజంతా ఒంటరిగా వదిలేస్తే దిగులు పడుతుంది.

టీకాలు: రేబిస్ టీకా తప్పనిసరి. అది ఏ కుక్కకైనా అంతే. ఏ కుక్క కరిచినా, ఎంత చిన్న గాటైనా, వెంటనే సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి.

ఊపిరి: ఇది మీరు సులువుగా చేయగల పరిశీలన. కుక్క గాఢనిద్రలో ఉన్నప్పుడు గడియారం పట్టుకుని, దాని పక్క ఎన్నిసార్లు పైకి లేచి దిగిందో ఒక నిమిషం లెక్కపెట్టండి. లేచి దిగడం కలిసి ఒకటి. 30 లోపు ఉంటే మామూలు. రోజూ 30కి మించుతూ ఉంటే గుండె కష్టపడుతోందని అనుమానించాలి. ఖరీదైన యంత్రం ఏదీ అక్కరలేదు. గడియారం, ఓపిక చాలు. ఒక పుస్తకంలో తేదీ వేసి రాస్తూ ఉంటే పశువైద్యుడికి అది ఎంతో ఉపయోగం.

అడగవలసిన ప్రశ్న

జాతి కుక్కపిల్లను కొనడానికి వెళ్లినవారు సాధారణంగా రెండే అడుగుతారు. 'ఏ రంగు ఉంది? ధర ఎంత?' పెంపకందారుకు తెలుసు, తన సరుకు ముఖం చూసి అమ్ముడవుతుందని. కాబట్టి ముఖం కోసమే జతలు కడతాడు. అదే పదిమంది వెళ్లి, 'దీని తల్లి వయసెంత? తండ్రి వయసెంత? వాటి గుండె పరీక్ష చేయించారా? కాగితం చూపించండి' అని అడిగితే ఏమవుతుంది? రెండున్నర ఏళ్లు నిండకుండా, గుండె పరీక్ష కాకుండా కావలియర్‌ను జత కట్టించరాదని పశు హృద్రోగ నిపుణులు ఏనాడో చెప్పారు. ఆ కాగితం లేనివాడి పిల్లలు అమ్ముడుపోవని తెలిస్తే, వాడు కూడా మారతాడు. 25 పౌన్ల బహుమతి ఒక మూతిని వెనక్కి తెచ్చింది. కొనేవారి ప్రశ్న ఒక గుండెను వెనక్కి తేలేదా?

తోడేలు తనంతట తాను కావలియర్ కాలేదు. దాని కళ్లు, చెవులు, ముఖం, చెలిమి, చివరికి దాని జబ్బు కూడా మనిషి ఎంపిక ఫలితమే. మనం కోరినట్టల్లా మారిన ప్రాణి అది. అది మన వంక చూసి తోక ఊపుతున్నప్పుడు, ఆ తోక వెనుక ఉన్న గుండె ఎలా కొట్టుకుంటోందో వినవలసిన బాధ్యత మనదే.